మేకు పట్టని స్కర్టు

పోయిన వారం మనం దర్జీ ఆవిడ చేతిలో కూతురి స్కూలు స్కర్టు పెట్టి, ఆవిడను కొట్టు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉందేమోనని మీరు జాలిపడనక్కర్లేదు. అక్కడ గడిచింది ఒక్క పూటే. ఆ పూటంతా ఆవిడ సరిగ్గా ముద్ద మింగలేదు.

మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే పక్కింటి నుంచి పత్రిక అరువు తెచ్చుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆవిడ కూతురికి తొమ్మిదేళ్ళు. కొట్టులో ఉన్న గుండీల డబ్బాలన్నీ ఒలకబోసి, రంగు ప్రకారం, కన్నాల లెక్క ప్రకారం మళ్ళీ సర్దడమంటే ఆ పిల్లకు ప్రాణం. అందుకే వచ్చేపోయేవాళ్ళంతా గుండీ అని పిలుస్తారు. గుండీకి ఆటిజం ఉంది. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వింటే ఒళ్ళంతా బిగుసుకుపోయి కేక పెడుతుంది. మూడు స్కూళ్ళు "మా దగ్గర కుదరదండీ" అని మర్యాదగా తలుపు మూశాక, నాలుగో స్కూలు నాలుగో తరగతిలో చేర్చుకుంది. మూడు నెలలుగా డైరీలో రోజూ ఒకటే మాట రాసి వస్తోంది, "కుదురుగా ఉంది" అని. అది చదివినప్పుడల్లా తల్లికి ప్రాణం లేచొచ్చేది.

అంతలో అదే తరగతి ఆడపిల్లల స్కర్టులు ఆరు, పొడవు పెంచడానికి కొట్టుకు వచ్చాయి. ఆ స్కూలు యూనిఫాంలన్నీ కుట్టేది ఈవిడే. ఆరింటికీ ఎడమ వైపు, నడుము పట్టీకి జానెడు కింద, సరిగ్గా ఒకే చోట దారం లేచి ఉంది. ఆ గదిలో బెంచీలన్నీ ఒకే వడ్రంగి చేసినవి, అన్నిటికీ లోపలికి జరిగి కూర్చునే మూలే మేకు తల పైకి తేలి ఉంటుంది. పైగా ఆరింటికీ వెనక భాగం చెక్కకు రాసుకుని రాసుకుని నిగనిగలాడుతోంది. గుండీ స్కర్టు తీసి చూస్తే మేకు పట్టిన గుర్తు లేదు, ఆ నిగనిగ లేదు. కుట్టిన రోజు పెట్టిన మడతలు పెట్టినట్టే ఉన్నాయి. మేజోళ్ళకు మాత్రం మోకాళ్ళ దగ్గర గోనె పీచు అంటుకుని ఉంది.

బెంచీ మీద కూర్చోని పిల్ల మూడు నెలలుగా ఎక్కడ కూర్చుంటోంది? పోయిన వారం కథ అక్కడ ఆగింది.

అనుమానం ఒకసారి మనసులో దూరితే అది ఒక మూల కూర్చుని ఊరుకోదు, ఇల్లంతా తిరుగుతుంది. దర్జీ ఆవిడకు టీచరు నవ్వు మీద అనుమానం వచ్చింది. రోజూ గేటు దాకా పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చే ఆయమ్మ మీద అనుమానం వచ్చింది. ఆఖరికి డైరీలో మాట మీద కూడా వచ్చింది. కుదురుగా ఉంది అంటే ఎక్కడ కుదురుగా ఉన్నట్టు? గోడవార బీరువా కూడా కుదురుగానే ఉంటుంది కదా.

ఆ మాటే మొగుడితో అంది. గుండీ నాన్న ఆ సమయానికి కొలతల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆ కొట్టులో పద్ధతి ఏమిటంటే, టేపు పట్టుకుని కొలత చెప్పేది ఆవిడ, పుస్తకంలో ఎక్కించేది ఆయన. పూర్వం ఒకసారి ఆయన రాసిన ఏడుని ఆవిడ ఒకటి అనుకుని, ముప్పై ఏడు నడుము ఉన్న వాచ్‌మన్‌కు ముప్పై ఒకటికి ప్యాంటు కత్తిరించేసింది. ఆ పెద్దమనిషి ఊపిరి బిగబట్టి వేసుకుని చూసి, వదలగానే ప్యాంటు గుండీ ఊడి ఎగిరి ఫ్యాను రెక్కకు తగిలింది. అప్పటి నుంచి ఆయన ఏడు రాస్తే నడుముకు అడ్డంగా ఒక గీత, ఆ గీత చివర కిందికి ఒక చిన్న కొక్కెం తప్పకుండా పెడతాడు. ఆ కొక్కేన్ని చూసి కొట్టుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. కుట్టిన బట్టలు బండి మీద స్కూలుకు చేరవేసేది, అక్కడి నుంచి చీటీల కట్ట తెచ్చి ఆవిడ చేత సంతకాలు పెట్టించేది కూడా ఆయనే.

ఆయన తల ఎత్తకుండానే, లేనిపోనివి తవ్వొద్దన్నాడు. ఆ స్కూలు వాళ్ళు చేర్చుకోవడమే గొప్పన్నాడు. ఎలాగూ శుక్రవారం కార్యక్రమం ఉంది, అది అయ్యేదాకా ఆగమన్నాడు.

శుక్రవారం కార్యక్రమం అంటే, ఆ స్కూల్లో ఏడాదికోసారి జరిపే ఆటిజం అవగాహన రోజు. ఈసారి గుండీని వేదిక మీద కూర్చోబెడతారట. వచ్చిన అతిథులందరికీ గుడ్డ బ్యాడ్జీలు తగిలిస్తారట. రెండు వందల బ్యాడ్జీల మీద "అందరం ఒక్కటే" అని మెషిను మీద కుట్టింది ఎవరనుకున్నారు? ఈ తల్లే. ఒకే మాట రెండు వందల సార్లు కుట్టాక ఎవరికైనా అది నిజమో కాదో చూడాలనిపిస్తుంది. మర్నాడు పొద్దున పది గంటలకు ఆవిడ బ్యాడ్జీల సంచీ భుజాన వేసుకుని, తాడో పేడో తేల్చుకుందామని స్కూలుకు బయల్దేరింది.

నాలుగో తరగతి తలుపు తీసే ఉంది. టీచరు ఆఫీసుకు వెళ్ళినట్టుంది, పిల్లలు బొమ్మలేసుకుంటున్నారు. గుమ్మం పైనే ఎర్ర రంగు కరెంటు గంట. ఆవిడ గుమ్మంలో నిలబడి వరసలన్నీ కళ్ళతో కొలిచింది. నలభై మంది దాకా ఉన్నారు. గుండీ లేదు. చెయ్యి చాపి మొదటి బెంచీ మూల తడిమితే మేకు తల వేలికి తగిలింది.

రెండు జడల పిల్ల ఒకతె ఆవిణ్ణి గుర్తుపట్టి, యూనిఫాం ఆంటీ వచ్చారని పక్కదానికి చెప్పింది. గుండీ ఎక్కడమ్మా అని ఆవిడ ఆ పిల్లనే అడిగింది. ఆ పేరు వాళ్ళెవరికీ తెలియలేదు. ఆవిడ పోలికలు చెప్పాక రెండు జడల పిల్ల మొహం వెలిగింది.

"శుక్రవారం స్టేజీ మీద కూర్చునే పాపా? ఆ పాప మా క్లాసు కాదాంటీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఎకసెక్కం లేదు. పిల్ల తనకు తెలిసింది చెప్పింది. కోపం వస్తే తిట్టడానికైనా ఒక మనిషి కావాలి. ఆ పిల్లను తిట్టడానికి లేదు. ఆవిడ వరండా వెంట నడిచింది.

మెట్ల కింద ఆటసామాన్ల గది ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. గడప లోపల పరిచిన గోనె చాప చూడగానే ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. గాలి పోయిన బంతులు, చిరిగిన వల, చక్రం ఊడిన బోర్డు, వాటి మధ్య చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని గుండీ క్యారమ్ బిళ్ళలు నల్లవి ఒక వరస, తెల్లవి ఒక వరస పేరుస్తోంది. పక్కన ఆయమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని కునుకుతోంది. గదిలో ఫ్యాను ఉంది, మంచినీళ్ళ సీసా ఉంది. పిల్లను ఎవరూ కొట్టినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. ఎవరూ ఏమీ నేర్పినట్టు కూడా లేదు.

గుండీ తల ఎత్తి తల్లిని ఒక క్షణం చూసింది.

"అమ్మ. ఇప్పుడు కాదు. నాలుగింటికి."

చెప్పాల్సింది చెప్పేసి మళ్ళీ బిళ్ళల్లో పడింది. తన రోజు ఎలా నడవాలో ఆ పిల్లకు నిమిషాలతో సహా తెలుసు. ఆ రోజులో ఈ గది మూడు నెలలుగా ఒక భాగమైపోయిందని తల్లికి అప్పుడు అర్థమై, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడానికి వచ్చింది కాదు కాబట్టి తుడిచేసుకుంది.

ఇంతలో అడుగుల చప్పుడయింది. క్లాస్ టీచరు చేతిలో ఒక ఫైలుతో వచ్చి, ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సన్నటి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఆ మెత్తదనం మీద దర్జీ ఆవిడకు నిన్నటి నుంచీ నమ్మకం లేదు. టీచరు నీళ్ళు నములుతుందని, హెడ్‌మిస్ట్రెస్ మీదకు నెడుతుందని అనుకుంది. టీచరు అవేమీ చెయ్యలేదు. తనే ఏదో మోసపోయినట్టు మొహం పెట్టింది.

"ఇప్పుడొచ్చి ఇలా చూస్తారేంటమ్మా? ఇక్కడ కూర్చోబెట్టమని మీరే కదా రాసిచ్చారు."

దర్జీ ఆవిడకు ఒళ్ళు మండింది. తన బిడ్డను గోనె చాప మీద కూర్చోబెట్టమని తను రాసిస్తుందా అంది. టీచరు ఫైలు తెరిచి ఒక కాగితం ముందు పెట్టింది. అచ్చు వేసిన ఫారం. మా పాపను తరగతిలో కాకుండా విడి గదిలో ఉంచవలసిందిగా కోరుతున్నాను, కార్యక్రమాల రోజుల్లో మాత్రం అందరితో కలపవచ్చు, అని ఉంది. కింద సంతకం. పక్కన నీలం మరక.

సంతకం ఆవిడదే. ఏటవాలుగా, సగంలో తెగిపోయే సంతకం. ఆ నీలం మరక కూడా ఆవిడదే, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఆవిడ బొటనవేలిని ఎప్పుడూ వదలదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. ఏ సైజు యూనిఫాంలు ఎన్ని ఇచ్చారో రాసిన చీటీలు స్కూలు నుంచి కట్టలు కట్టలుగా వస్తాయి. ఒక కాలు మెషిను పెడలు మీద, ఒక చేత్తో బట్ట, ఇంకో చేత్తో సంతకం. ఒక్కటీ చదవదు. ముప్పై చీటీల్లో ముప్పై ఒకటో కాగితం దూరిస్తే దాని మీదా పెట్టేస్తుంది. అంగుళంలో పావు తేడా వస్తే నిద్రపట్టని మనిషి, కూతురి చదువుకు సంబంధించిన కాగితాన్ని నిక్కర్ల చీటీ అనుకుని సంతకం పెట్టేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ అసహ్యం మరుక్షణం అనుమానమై ఎదుటి మనిషి మీదకు తిరిగింది. ఈ కాగితం నా చీటీల్లో కలిపింది మీ ఆఫీసు వాళ్ళే కదూ అని నిలదీసింది. టీచరు కాదంది. మొదటి రోజు గంట మోగగానే పిల్ల పెట్టిన కేకకు తరగతంతా హడలిపోయింది, విడి గదిలో ఉంచమంటారేమో మీరే తేల్చి చెప్పమని ఆఫీసు నుంచి ఖాళీ ఫారం ఇంటికి పంపారు, అది నిండి తిరిగొచ్చింది, తనకు తెలిసింది అంతేనంది. దర్జీ ఆవిడ నమ్మలేదు. నమ్మనట్టు మొహంలోనే తెలిసిపోయింది. దాంతో టీచరు గొంతు మొదటిసారి గట్టిపడింది.

"నాకు మీ మీదే అనుమానం ఉండేదమ్మా. పిల్లను నలుగురిలో కూర్చోబెట్టడానికి మీరే సిగ్గుపడుతున్నారనుకున్నాను. గేటు దగ్గర మీరు నవ్వుతూ మాట్లాడితే, ఎలా నవ్వగలుగుతోందీవిడ అనుకునేదాన్ని."

చూడండి ఈ చోద్యం. మూడు నెలలుగా గేటుకు అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరినొకరు లోలోపల తిట్టుకుంటూ, పైకి నవ్వుకుంటూ గడిపారు. ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. ఇద్దరూ మర్యాదస్థులే కావడం ఆ పిల్ల దురదృష్టం.

దర్జీ ఆవిడ కాగితం మడిచి టీచరు చేతిలో పెట్టింది. గుండీని ఇప్పుడే తరగతిలో కూర్చోబెట్టమంది. టీచరు శుక్రవారం అయ్యాక చూద్దామంది, హెడ్‌మిస్ట్రెస్ వింటే ఏమంటుందోనంది.

"అందులో సంతకం నాదే కదా. వద్దనే హక్కు కూడా నాదే. ఏడాదికోసారి స్టేజీ మీద కూర్చోబెట్టడానికి మిగతా రోజులన్నీ చాప మీద కూర్చోబెడతానంటే, శుక్రవారం కూడా నా పిల్ల రాదు. బ్యాడ్జీలూ రావు."

టీచరు, మరి గంట సంగతేమిటని అడిగింది. ఈసారి గొంతులో అడ్డం కొట్టే ధోరణి లేదు. నిజంగా తెలియక అడిగింది. గంటకోసారి ఆ పిల్ల అలా విలవిల్లాడితే తనకు చూడబుద్ధి కాదంది. దర్జీ ఆవిడ కొట్టులో సంగతి చెప్పింది. అంచులు కొట్టే పెద్ద మెషిను పిల్లకు పడదు. అందుకని అది వేసే ముందు బల్ల మీద రెండుసార్లు తడతారు, తనైనా సరే, గుండీ నాన్నయినా సరే. తట్టగానే గుండీ చెవులు మూసుకుంటుంది, చప్పుడు పోయాక తీసేస్తుంది. చప్పుడుతో పేచీ లేదు, చెప్పకుండా రావడంతోనే పేచీ. అంత చిన్న విషయం మూడు నెలల్లో తననెవరూ అడగలేదని కూడా అంది. టీచరు తల దించుకుంది.

గుండీ బిళ్ళలన్నీ డబ్బాలో సర్దేదాకా ఆగి, ఇద్దరూ చెరోపక్క నడిచి తరగతికి తీసుకెళ్ళారు. రెండు జడల పిల్ల పక్కకు జరిగి మూడో బెంచీలో చోటిచ్చింది. టీచరు పిల్లలందరికీ చెప్పింది. ఈ అమ్మాయి మొదటి రోజు నుంచీ మన తరగతే, మనమే చూసుకోలేదు అని చెప్పింది. గంట మోగే ముందు రెండుసార్లు తట్టాలని చెప్పి, గడియారం చూసే పని రెండు జడల పిల్లకు అప్పజెప్పింది. దర్జీ ఆవిడ కిటికీ బయట నిలబడింది. ఆవిడకు ఇదంతా తను చూస్తున్నందుకు జరుగుతోందేమోనన్న అనుమానం ఇంకా పోలేదు.

పదకొండు కావస్తుండగా రెండు జడల పిల్ల బెంచీ మీద రెండుసార్లు తట్టింది. పక్కవాళ్ళు తట్టారు. వెనక బెంచీలు అందుకున్నాయి. రెండుసార్లు తట్టమంటే కొందరు హుషారెక్కి పదిసార్లు తట్టారు, టీచరు కసిరితే ఆగారు. గుండీ చెవులు మూసుకుంది. గంట మోగింది, ఆగింది. గుండీ చేతులు తీసి, రెండు జడల పిల్ల రంగు పెన్సిళ్ళు పొడవు ప్రకారం పేర్చడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పేర్చుకోనిచ్చింది.

బయటికొచ్చిన టీచరు, రేపు కూడా ఇలాగే తడతామంది.

"శుక్రవారం అయిపోయాక?"

టీచరు, సోమవారం వచ్చి కిటికీలోంచి చూసుకోండి, ఆ తర్వాత ఏ సోమవారమైనా చెప్పకుండా వచ్చి చూసుకోండి అంది. ఆ ఫారానికి జిరాక్సు తీయించి దర్జీ ఆవిడ చేతిలో పెట్టింది. దీన్ని నింపిందెవరో మీరే కనుక్కోండి, నా మాట మీకెలాగూ నమ్మకం లేదు కదా అని కూడా అంది.

నాలుగింటికి గుండీ ఇల్లు చేరింది. ఆవిడ మొదట చూసింది స్కర్టు. ఎడమ వైపు, నడుముకు జానెడు కింద, దారం లేచి ఉంది. దారం లేచిన బట్ట కంటపడితే సూది తియ్యకుండా ఉండలేని మనిషి ఆవిడ. ఆ రోజు మాత్రం ఆ దారాన్ని వేలితో నిమిరి, అలాగే వదిలేసింది. నిన్నటి నుంచీ ముద్ద దిగని ఆవిడకు కడుపు నిండినట్టనిపించింది. గుండీ నేల మీద గుండీల డబ్బా ఒలకబోసుకుని, వరసలు పేర్చే పనిలో పడింది.

ఇక పని చూసుకుందామని ఆవిడ ఒక చొక్కా గుడ్డ పరిచి, కొలతల పుస్తకం తెరిచింది. పక్కన జిరాక్సు కాగితం. స్కూల్లో సంతకం చూసిన కంగారులో పైన చేత్తో ఏం రాసి ఉందో ఆవిడ చదవనే లేదు. ఇప్పుడు చదివింది. అచ్చు అక్షరాల మధ్య ఖాళీ గీత మీద ఎవరో చేత్తో నింపారు, "తల్లి కోరిక మేరకు, 7వ తేదీ నుంచి" అని.

ఆ ఏడుకు నడుము మీద అడ్డంగా ఒక గీత ఉంది. గీత చివర కిందికి ఒక చిన్న కొక్కెం.

ఆవిడ పుస్తకంలో చూసింది. ఛాతీ ముప్పై ఏడు. మళ్ళీ కాగితం చూసింది. భుజం పదిహేడు. మళ్ళీ కాగితం చూసింది. నిన్నటి నుంచీ టీచరును అనుమానించింది, ఆయమ్మను అనుమానించింది, ఆఫీసులో మొహం తెలియని గుమాస్తాలను కూడా వదల్లేదు. రోజూ ఎదురుగా కూర్చుని తను చెప్పిన ప్రతి కొలతా రాసుకునే మనిషి వైపు మాత్రం చూడలేదు. పిల్లకు జ్వరమొస్తే తనకంటే ముందు లేచి కూర్చునేది ఆయనే. మూడు స్కూళ్ళు కాదన్నప్పుడు గేటు బయట నిలబడి ఏడ్చింది కూడా ఆయనే. అలాంటి మనిషి ఈ పని ఎందుకు చేశాడు? చేసి తన పేరు ఎందుకు పెట్టాడు?

బయట బండి ఆగింది. గుండీ నాన్న లోపలికి వస్తూనే, బ్యాడ్జీలు ఇచ్చేశావా అని అడగబోయి, బల్ల మీద కాగితం చూసి సగంలో ఆపేశాడు. ఆవిడ కాగితాన్ని, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి ఆయన వైపు జరిపింది. ఆయన రెండు చోట్లా ఉన్న ఏడు అంకెను చూశాడు. అది నా రాత కాదు అంటాడేమోనని, అనాలని, ఆవిడ లోలోపల ఎంత కోరుకుందో చెప్పలేం.

ఆయన అనలేదు. నెమ్మదిగా వచ్చి బల్లకు ఎదురుగా నిలబడ్డాడు. పెద్ద మెషిను ఆగే ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఆయన చెయ్యెత్తి బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

నేల మీద గుండీ చేతిలో గుండీలు కింద పెట్టి, రెండు చెవులూ మూసుకుంది.